ఎవరి ఐక్యత? ఎవరి విభజన?

ఒక దేశం గాని, ఒక రాష్ట్రం గాని చీలిపోయే దశకు వచ్చినప్పుడు రెండు రకాల వివరణలు వినిపిస్తాయి. ఆ ప్రజలు ఏనాడూ ఒకటి కారు, కృత్రిమంగా కలిపారు, కనుక విడిపోక తప్పదు అనేది మొదటిది. ప్రజలెప్పుడూ ఒక్కటే, పదవుల కోసం నాయకులు రెచ్చగొట్టి విడదీస్తున్నారు అనేది రెండోది. ఇవి ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైనట్టు కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. రెండూ ప్రజలను ఒకే ముద్దగా చూస్తాయి. ఒకటి ఆ ముద్దకు ప్రాంతం పేరు పెడుతుంది, మరొకటి జాతి పేరు పెడుతుంది. ఆ ముద్దలో కౌలురైతు ఎక్కడున్నాడు, కాంట్రాక్టరు ఎక్కడున్నాడు అన్న ప్రశ్న రెండు వాదాల్లోనూ అడుగున పడిపోతుంది.

1956లో ఏర్పడి 2014లో విడిపోయిన ఆంధ్రప్రదేశ్ చరిత్రను ఈ రెండు వివరణలతోనే రాసిన పుస్తకాలు, వ్యాసాలు గుట్టలుగా ఉన్నాయి. వాటిలో చాలా భాగం హైదరాబాదు సచివాలయం మెట్ల మీద నిలబడి గాని, కోస్తా పట్టణాల పత్రికా కార్యాలయాల్లో కూర్చుని గాని చూసి రాసినవి. భిక్నూరు వంటి చోట నిలబడి చూస్తే లెక్క కొంత మారుతుంది.

భిక్నూరు హైదరాబాదు నుంచి నాగపూరు పోయే రహదారి మీద, రామాయంపేటకూ కామారెడ్డికీ మధ్య ఉంది. నిన్నమొన్నటి వరకు నిజామాబాదు జిల్లాలోది; 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులో మండల కేంద్రం. సిద్ధరామేశ్వరుని గుడి వల్ల భక్తులకు తెలుసు. తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం వల్ల విద్యార్థులకు తెలుసు. ఆ విశ్వవిద్యాలయాన్ని ఆ పేరుతోనే 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే స్థాపించింది. పేరు ఇవ్వడానికి పాలకులకు ఎప్పుడూ పెద్ద ఇబ్బంది ఉండదు. నీళ్లు, కొలువులు, లెక్కలు అడిగినప్పుడే ఇబ్బంది.

నీళ్ల సంగతే ముందు చూద్దాం. మంజీర నది మీద నిజాం ప్రభుత్వం 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు పెద్ద ప్రాజెక్టు. దాని ఆయకట్టు 2,75,000 ఎకరాలని లెక్క. ఆ కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ వైపు పోయింది. భిక్నూరు వైపు రాలేదు. ఇక్కడిది చెరువుల సేద్యం, బావుల సేద్యం, తర్వాత బోరుబావుల సేద్యం. కాలువ పోయిన చోటికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మాగాణి సాగు తెలిసిన రైతులు వచ్చి భూములు కొన్నారు, గుడిసెలు వేసుకున్నారు. వాళ్లున్న ఊళ్లకు ఇప్పటికీ 'క్యాంపు' అనే పేరే ఉంది. ఆ వెనుకనే 1930లలో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. అంటే 'ఆంధ్ర'వాడు ఈ జిల్లాకు 1956 తర్వాత రాష్ట్రంతో పాటు దిగుమతి అయినవాడు కాడు. రాష్ట్రం కలవడానికి పాతికేళ్ల ముందే నీటి వెంట వచ్చినవాడు. అతని రాకతో అక్కడి భూమి ధర పెరిగింది, పంట పెరిగింది. చౌకగా అమ్ముకున్న స్థానిక రైతుకు తర్వాత ఆ సంగతి తెలిసివచ్చింది. క్యాంపుల్లో అందరూ మోతుబరులే కారు, కూలీలూ కౌలుదార్లూ ఉన్నారు. అయినా ఉద్యమకాలంలో 'సెటిలర్' అన్న ఒక్క మాటలో అందరూ కలిసిపోయారు.

ఇంకొక సంగతి. నిజాంసాగర్‌లో పూడిక పేరుకుపోయి నీటి నిలవ తగ్గిపోయింది. ఆపైన ఎగువన సింగూరు ప్రాజెక్టు కట్టి మంజీర నీళ్లను హైదరాబాదు నగరం తాగునీటికి మళ్లించారు. ఈ నష్టాన్ని ఏ పద్దులో రాయాలి? ఇది ఆంధ్ర తెలంగాణకు చేసిన అన్యాయమా? నగరం పల్లెకు చేసిన అన్యాయమా? ఉద్యమ సాహిత్యం దీన్ని మొదటి పద్దులో రాసుకుంది. సమైక్యవాద సాహిత్యం అసలు రాసుకోనే లేదు. నిజానికి ఇది రెండు పద్దుల్లోనూ రాయవలసిన ఖర్చు.

ఇక రాష్ట్రం కలిసిన తీరు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. గుడారాల్లో కార్యాలయాలు నడిపిన ఆ రాష్ట్రానికి కట్టిన రాజధాని ఒకటి అత్యవసరం. ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో విశాలాంధ్ర వల్ల కలిగే లాభాలన్నీ ఒప్పుకుంటూనే, తెలంగాణను అప్పటికి వేరుగా ఉంచమని చెప్పింది. 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తర్వాత, తెలంగాణ శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరుకుంటే అప్పుడు కలపవచ్చునన్నది. చదువులో, ఉద్యోగాల్లో ముందున్న కోస్తావారు తమను వలసప్రాంతంగా మార్చుకుంటారన్న భయం తెలంగాణలో ఉందని కూడా ఆ సంఘమే నమోదు చేసింది. అంటే ప్రజల సమ్మతికి ఒక గడువూ ఒక పద్ధతీ కాగితం మీద ఉన్నాయి. ఆ పద్ధతిని పక్కన పెట్టి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇరుప్రాంతాల కాంగ్రెసు నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. దానికి 'పెద్దమనుషుల ఒప్పందం' అని పేరు.

మన పల్లెల్లో పెద్దమనుషుల తీర్పు అంటే ఏమిటో అందరికీ తెలుసు. రాతకోతలున్నా దాన్ని అమలు చేసే యంత్రాంగం ఉండదు. పెద్దమనిషి మాట మీద నిలబడాలి, అంతే. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని అందులో రాసుకున్నారు. రాష్ట్రం ఏర్పడగానే నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఆ పదవి లేదు. దాన్ని ఆరో వేలుగా ఆయన వర్ణించిన మాట తెలంగాణలో రెండు తరాలు మరిచిపోలేదు. ప్రాంతీయ మండలి అన్నది ప్రాంతీయ సంఘమైంది. దానికి సలహా చెప్పే అధికారమే మిగిలింది. నెహ్రూ 1956 మార్చిలో మాట్లాడింది కూడా ఈ జిల్లా కేంద్రమైన నిజామాబాదులోనే. ఆ కలయికను ఆయన పెళ్లితో పోల్చి, కుదరకపోతే విడిపోయే వీలుంటుందన్న అర్థంలో మాట్లాడారన్నది అప్పటినుంచి తెలంగాణలో సామెతలా నిలిచిపోయింది.

ఈ పోలికను మనం విమర్శకులుగా ఒక్క నిమిషం పట్టి చూడాలి. పెళ్లి, విడాకులు, ఉమ్మడి కుటుంబం, అన్నదమ్ముల పంపకం — అరవై ఏళ్లపాటు ఇరుపక్షాల వక్తలు, కవులు, సంపాదకులు ఈ కుటుంబ భాష నుంచి బయటికి రాలేదు. కుటుంబ భాషలో ఒక సౌకర్యం ఉంది. అందులో యజమాని, జీతగాడు ఉండరు. అన్నా తమ్ముడూ ఉంటారు. అన్నదమ్ముల ఆస్తి పంపకంలో పాలేరుకు వాటా ఉండదన్నది ఎవరికీ గుర్తురాదు. తెలుగుతల్లి, తెలంగాణ తల్లి అన్న ప్రతిమలూ ఈ భాషలోవే. తెలంగాణ వచ్చాక 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం సచివాలయంలో తెలంగాణ తల్లిని కొత్త రూపంలో నిలబెట్టింది. పాత రూపం కావాలని పాత పాలకపక్షం గొడవకు దిగింది. తల్లి ఒంటి మీద నగలుండాలా వద్దా అన్నదాని మీద శాసనసభా కాలం ఎంత ఖర్చయిందో ఎవరైనా లెక్క కడితే బాగుండును.

ఇక కొలువుల విషయం. ఇది కొంచెం ఓపికగా చూడవలసినది. చీలిక యంత్రం ఎలా పనిచేస్తుందో ఇందులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

హైదరాబాదు సంస్థానంలో 1919 నుంచి ముల్కీ నిబంధనలున్నాయి. పదిహేనేళ్లు ఇక్కడ నివసించినవాడే స్థానికుడు, అతనికే సర్కారు కొలువు. పోలీసు చర్య తర్వాత మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు వచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన ఇక్కడి యువకుడికి తన చదువు ఒక్కరాత్రిలో చెల్లని నాణెమైంది. 1952లో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా పోయిన ముల్కీ ఆందోళనకు మూలమిది. విశాలాంధ్ర ఏర్పడ్డాక 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసి తెలంగాణలో స్థానికులకు కొంతకాలం రక్షణ కొనసాగించింది. అమలు జరగలేదు. 1969 జనవరిలో పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల ప్రశ్నతో రాజుకున్న నిప్పు ఖమ్మం విద్యార్థుల నిరాహారదీక్షతో, ఉస్మానియా విద్యార్థుల సమ్మెతో తెలంగాణ అంతటా పాకింది. ఆ సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు ఆ 1957 చట్టంలోని స్థానికత నిబంధన చెల్లదన్నది. తెలంగాణ భగ్గుమన్నది. కాల్పుల్లో 369 మంది చనిపోయారని ఉద్యమం చెప్పే లెక్క.

1972 అక్టోబరులో అదే సుప్రీంకోర్టు మరో కేసులో పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. ఈసారి భగ్గుమన్నది ఆంధ్ర. రాజధానిలో తమ పిల్లలకు ఉద్యోగాలు లేకపోతే ఆ రాష్ట్రం తమకెందుకని విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం వీధుల్లో జై ఆంధ్ర నినాదం మోగింది. ఉద్యోగులు నెలల తరబడి సమ్మె చేశారు. పి.వి. నరసింహారావు మంత్రివర్గం పోయి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒకే నిబంధన మీద, ఒకే న్యాయస్థానంలో, మూడున్నరేళ్ల తేడాతో రెండు తీర్పులు. ఒక్కొక్క తీర్పుకు ఒక్కొక్క ప్రాంతం లేచింది. రెండుచోట్లా లేచింది ఉద్యోగం దొరకని చదువుకున్న యువకుడే. అతనికి కనిపించిన శత్రువు, అవతలి ప్రాంతంలో ఉద్యోగం దొరకని మరో చదువుకున్న యువకుడు. ఖాళీలు ఎందుకింత తక్కువ అన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. ఉన్న ఖాళీ ఎవరిది అన్నదే ప్రశ్న అయింది.

జై ఆంధ్ర ఉద్యమం వెనుక భూస్వాముల చేయి ఉందన్నది వామపక్షాల విశ్లేషణ. పి.వి. ప్రభుత్వం 1972లో భూపరిమితి శాసనానికి పూనుకుని భూముల బదిలీని ఆపింది. దానికి వణికిన పెద్ద భూకామందులు ముల్కీ తీర్పును ఆయుధంగా తీసుకున్నారు. ఇందులో చాలా నిజముంది. కాని ఇదే మొత్తం నిజమనుకుంటే పొరపాటు. గుమాస్తా సమ్మె చేసింది భూస్వామి డబ్బు కోసం కాదు. అలాగే 1969 ఉద్యమాన్ని కాంగ్రెసు ముఠాతగాదా అని కొట్టిపారేసిన మన పెద్దల వాదమూ సగం నిజమే. తెలంగాణ ప్రజాసమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచి, అదే సంవత్సరం కాంగ్రెసులో కలిసిపోయింది. నాయకత్వం ఏ వర్గానిదో అది రుజువు చేసింది. ఓటు వేసినవాడి బాధ అబద్ధమని మాత్రం రుజువు చేయలేదు.

1973 సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకం వచ్చింది. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వుతో రాష్ట్రం ఆరు జోన్లయింది. ముల్కీ పోయి 'స్థానిక అభ్యర్థి' వచ్చాడు. ఆ ఉత్తర్వునూ పాటించలేదని పదేళ్లకే తేలింది. తెలంగాణ జోన్లలో నిబంధనలకు విరుద్ధంగా నియమితులైనవారు 58,962 మంది అని జయభారత్ రెడ్డి సంఘం లెక్క తేల్చింది. వారిని వెనక్కి పంపాలని 1985 డిసెంబరు 30న 610 సంఖ్య గల జీవో వచ్చింది. ఆ జీవో ఎందుకు అమలు కాలేదో చూడమని 2001లో గిర్‌గ్లానీ సంఘాన్ని వేశారు. అంటే ఒప్పందం అమలు కాకపోతే చట్టం, చట్టం అమలు కాకపోతే ఉత్తర్వు, ఉత్తర్వు అమలు కాకపోతే జీవో, జీవో అమలు కాకపోతే విచారణ. కామారెడ్డి కచేరీలో ఒక పహాణీ నకలు కోసం తిరిగిన రైతుకు ఈ వరస కొత్తగా ఏమీ అనిపించదు.

నిధుల కథ కూడా ఇదే అచ్చు. తెలంగాణలో వసూలై అక్కడ ఖర్చు కాని మిగులు ఎంత అన్నదానికి 1969లో కుమార్ లలిత్ 34.10 కోట్ల రూపాయలన్నారు. ఆ తర్వాత భార్గవ సంఘం 28.34 కోట్లన్నది. ఇరుపక్షాల వాళ్లూ ఆ అంకెలను నమ్మలేదు. లెక్కను అందరి ముందూ, అందరికీ అర్థమయ్యే భాషలో చెప్పనప్పుడు ప్రతివాడూ తన లెక్క తానే వేసుకుంటాడు. అక్కడి నుంచి రెండు శిబిరాలకు రెండు అంకగణితాలు ఏర్పడతాయి. ఆ తర్వాత వాదించుకోవడానికి ఉమ్మడి నేల ఉండదు.

సాహిత్యం ఈ దశల్లో ఏమి చేసిందన్నది మన పత్రిక అడగవలసిన ప్రశ్న. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మాటకు జవాబు పుస్తకంతో ఇచ్చిన కాలమది. నిజామాబాదు జైలులో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఒకే కాలంలో ఖైదీలు. ఆ గోడల మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాశాడు. నిజాం రాజ్యాన్ని ధిక్కరించిన ఆ కవే 1955లో మహాంధ్రోదయం కావ్యం తెచ్చాడు. విశాలాంధ్రను సమర్థించిన కాళోజీ 1969 నాటికి ప్రత్యేక తెలంగాణ పక్షాన నిలిచాడు. కాళోజీ మారడాన్ని అవకాశవాదమన్నవారు అప్పట్లో లేకపోలేదు. కాని ఆయన మారాడా, ఆయన నమ్మిన విశాలాంధ్ర మారిందా? పుచ్చలపల్లి సుందరయ్య 1946లో రాసిన పుస్తకం పేరు 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం'. 1956లో వచ్చింది అందులో మొదటి పదం ఒక్కటే. ఆ తేడాను చూసి నొచ్చుకున్న కవికీ, పదవి దొరకక ఉద్యమంలో దూకిన నాయకుడికీ మధ్య గీత గీయలేకపోవడం అప్పటి విమర్శ చేసిన తప్పు.

భాష దగ్గర ఆ తప్పు ఇంకా పెద్దది. తెలుగు ఒక్కటేనని చెప్పినవారే, రెండు మూడు కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటను తెలుగు అన్నారు, మిగతావాటిని మాండలికం అన్నారు. సినిమాల్లో తెలంగాణ మాట రౌడీ నోటా, హాస్యగాడి నోటా తప్ప నాయకుడి నోట చాలాకాలం పలకలేదు. భిక్నూరు పిల్ల బడిలో తన ఇంటి మాటతో జవాబు రాస్తే ఎర్రసిరా పడింది. ఇదంతా చిన్న విషయమని సమైక్యవాదులు అనుకున్నారు. ఉద్యోగం పోతే మనిషికి కోపం వస్తుంది. మాట మీద నవ్వితే ఆ కోపం ఇంటిల్లిపాదిదీ అవుతుంది. రెండు రాష్ట్రాలయ్యాక ఒకే భాషకు రెండు పండుగలు వచ్చాయి: ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు పుట్టిన ఆగస్టు 29, తెలంగాణలో కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9. వాడుకభాష కోసం పోరాడిన మనిషికీ, బడిపలుకుల కన్న పలుకుబడుల భాషే మేలన్న మనిషికీ మధ్య అభిప్రాయభేదం ఏముందో వెతికితే దొరకదు.

2009 నవంబరు 29 నుంచి 2014 ఫిబ్రవరి 20 దాకా జరిగినది పాఠకుల జ్ఞాపకంలో ఉన్నదే, అంతా చెప్పనక్కరలేదు. ఒక్క సంగతి చూడాలి. ఆ ఎన్నికల సంవత్సరం మొదట్లో దాదాపు ప్రతి పెద్ద పార్టీ ఏదో ఒక రూపంలో తెలంగాణకు సానుకూలమే. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించగానే ఆంధ్ర ప్రాంత శాసనసభ్యులు పార్టీలకతీతంగా రాజీనామాలిచ్చారు. డిసెంబరు 23న కేంద్రం వెనక్కి తగ్గగానే తెలంగాణవారు రాజీనామాలిచ్చారు. పార్టీల మధ్య గీత చెరిగి, ప్రతి పార్టీ లోపల ప్రాంతపు గీత పడింది. ఎల్లారెడ్డిలో 2010లో, కామారెడ్డిలో 2012లో రాజీనామాల వల్ల ఉపఎన్నికలు వచ్చాయి; రెండు చోట్లా ఆ గీతే ఓటు వేసింది. కమ్యూనిస్టులు కూడా చీలారు: సి.పి.ఐ. తెలంగాణకు ఒప్పుకుంది, సి.పి.ఎం. భాషారాష్ట్ర సూత్రం మీద నిలబడింది.

శ్రీకృష్ణ సంఘం 2010 డిసెంబరు 30న ఆరు మార్గాలు చూపి, ప్రాంతీయ మండలితో సమైక్య రాష్ట్రం మేలైనదనీ, కాకపోతే హైదరాబాదుతో కూడిన తెలంగాణ రెండోదనీ చెప్పింది. మండలి మాట 1956లోనే విని మోసపోయినవారికి మళ్లీ అదే మందు. శాంతిభద్రతల మీద రహస్యంగా ఇచ్చిన ఎనిమిదో అధ్యాయాన్ని హైకోర్టే తప్పుపట్టింది. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలై 42 రోజులు నడిచింది; బొగ్గుగని కార్మికుడు, బస్సు కార్మికుడు, ఉపాధ్యాయుడు ఒక్కసారి పని ఆపారు. అంత పెద్ద సమ్మె జీతభత్యాల కోసం ఆ కాలంలో జరగలేదు. అది కార్మికవర్గ చైతన్యమా, దాన్ని ప్రాంతం మింగడమా? రెండూ కలిసే ఉన్నాయి. అదే మార్చిలో ట్యాంక్‌బండ్ మీద తెలుగు కవుల, పండితుల విగ్రహాలు కొన్ని కూలాయి. ఆ విగ్రహాల వరుసలో తెలంగాణవారు తక్కువన్న ఫిర్యాదు న్యాయమైనదే. కూల్చివేతను సమర్థించడానికి ఆ న్యాయం చాలదు.

ఇతర దేశాల్లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూస్తే మన తీరు ఇంకా స్పష్టమవుతుంది. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లో 162 సాధారణ స్థానాలకు 160 అవామీ లీగ్ గెలిచింది. పశ్చిమంలో ఒక్కటీ లేదు. భుట్టో పార్టీకి తూర్పున ఒక్కటీ లేదు. రెండు వైపులా నిలబడగల పార్టీ లేకుండా పోయిన రోజే ఆ దేశం చీలిపోయింది. సైన్యం చేసింది ఆ చీలికను రక్తంలో ముంచడం. చెకోస్లొవేకియాలో 1990లో దేశం పేరు మధ్య అడ్డగీత ఉండాలా వద్దా అని పార్లమెంటు వాదించుకుంది. రెండేళ్లకు క్లాస్, మెచియార్ అనే ఇద్దరు నాయకులు కూర్చుని, ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే విడదీసి 1993 జనవరి 1 నుంచి రెండు దేశాలు చేశారు. రక్తం కారలేదు, ప్రజలను అడగనూ లేదు. మనది దేశం చీలడం కాదు. పౌరసత్వం మారలేదు, సైన్యం పంచుకోలేదు. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు సాధారణ మెజారిటీతో కొత్త రాష్ట్రం చేయవచ్చు. శాసనసభ అభిప్రాయం వింటే చాలు, పాటించనక్కరలేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని ఆమోదించింది, ఆ సమయంలో టీవీ ప్రసారం ఆగిపోయింది. 1956లో సంఘం చెప్పిన సమ్మతి పద్ధతిని తప్పించి కలిపారు. 2014లో సమ్మతి లేని సభను దాటి విడదీశారు. కలిపినప్పుడు ఒక ప్రాంతం, విడదీసినప్పుడు మరొక ప్రాంతం ఢిల్లీ గుమ్మం ముందు నిలబడి ఉంది.

తెలంగాణ ప్రజల కోరిక న్యాయమైనదని ఈ రచయిత నమ్మకం. అరవై ఏళ్లు మాట తప్పిన ఐక్యతలో ఉండి తీరాలని ఎవరినీ శాసించలేం. కాని ఆ న్యాయంలో ఎవరికి చోటు దొరకలేదో చెప్పకపోతే విమర్శకు అర్థం లేదు. ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను పోలవరం ముంపు కోసం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు వైపు కోయలు, కొండరెడ్లు. తెలంగాణ నాయకులు ఆ భూమి మాది అన్నారు, ఆంధ్ర నాయకులు ఆ ప్రాజెక్టు మాది అన్నారు. ఆ మనుషులు మావాళ్లు అని ఇద్దరిలో ఎవరు ఎంత గట్టిగా అన్నారో ముంపు గ్రామాలకు పోయి అడగాలి. రాజ్యసభలో ప్రధాని నోటిమాటగా ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన ప్రత్యేక హోదా హామీ అమలు కాలేదు. 2018లో ఆ పేరుతో కేంద్రంలో ఒక పొత్తు తెగిపోయింది. పెద్దమనుషుల ఒప్పందం ఈసారి అవతలి ఒడ్డున మళ్లీ పుట్టింది.

ఇక ఈ ఒడ్డున. బోధన్ చక్కెర కర్మాగారాన్ని 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు చేతికిచ్చింది. దాన్ని తిరిగి తీసుకుంటామన్నది ఉద్యమకాలపు వాగ్దానం. అది మూతపడింది 2015 డిసెంబరులో, అంటే స్వరాష్ట్రంలో. చెరకు రైతు ఆంధ్ర పాలకుడిని తిట్టే సౌకర్యం కూడా పోగొట్టుకున్నాడు. ప్రాణహిత–చేవెళ్ల పథకంలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు నీళ్లిస్తామని పెట్టిన ఇరవై రెండో ప్యాకేజీ, కాళేశ్వరంలోకి మారి కూడా రాష్ట్రానికి పదేళ్లు నిండేనాటికి పూర్తి కాలేదు. నియామకాల మాట చెప్పిన రాష్ట్రంలో 2023 మార్చిలో ప్రశ్నపత్రాలు బయటికి పొక్కి పరీక్షలు రద్దయ్యాయి. మరోవైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు 2015 నుంచి నెలనెలా పింఛను వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఏ ప్రభుత్వానికీ తట్టని పని అది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే ఆ ఇళ్ల మగవాళ్లు అప్పుచేసి గల్ఫుకు పోవడం ఆగలేదు. బీడీ ఆకు కత్తిరించే చేయికి గాని, దుబాయి ఎండలో ఇనుము కట్టే చేయికి గాని విభజన లెక్కల్లో పద్దు లేదు. తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలు అంటూ సంస్థల ఆస్తుల పంపకం మాత్రం పదేళ్లయినా తెగలేదు.

భిక్నూరు ఉన్న కామారెడ్డి నియోజకవర్గంలో 2023 ఎన్నికల ముచ్చట దీనికి కొనసాగింపే. ఆ ఏడాది మొదట్లో కామారెడ్డి పురపాలక మాస్టర్‌ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని చుట్టుపక్కల రైతులు రోడ్డెక్కారు. పురపాలక సంఘం ఆ ముసాయిదాను వెనక్కి తీసుకోక తప్పలేదు. నవంబరులో అక్కడ ఉద్యమనాయకుడైన ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ పోటీ చేశారు. ఇద్దరినీ ఓడించి ఓటరు భారతీయ జనతా పార్టీ అభ్యర్థిని గెలిపించాడు. ప్రాంతం పేరుతో పడిన గీత ఇక్కడ చెరిగిపోయింది. భూమి ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. ఆ ప్రశ్నను చేతికి తీసుకున్నది మాత్రం ఎర్రజెండా కాదు. ఈసారి గీయబోయే గీత ఊళ్ల మధ్య నుంచి కాక, ఊరి లోపల మసీదుకూ గుడికీ మధ్య నుంచి పోయేది.